చోళమండల్ కళాకారుల గ్రామం: నిర్వహణ, ఆర్థిక వనరులు

కళా సంస్థ అనగానే మీకు ప్రభుత్వ గ్రాంటో, దాతల విరాళమో గుర్తుకు రావచ్చు. మద్రాసు సమీపంలోని చోళమండల్ ఆ రెండింటినీ నమ్ముకోకుండా మొదలైంది.

1960ల ఆరంభంలో కె.సి.ఎస్. పణిక్కర్ మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలకు ప్రిన్సిపాల్. చదువు ముగించిన శిష్యులు పొట్టకూటి కోసం ఏదో ఉద్యోగంలో చేరి కుంచె వదిలేయడం ఆయనను కలవరపెట్టింది. ఆధునిక చిత్రాలను కొనేవారు అప్పట్లో బహు తక్కువ. బాతిక్ గుడ్డలు మాత్రం అమ్ముడుపోయేవి. అందువల్ల కళాకారులు హస్తకళల సంఘంగా ఏర్పడి, కొంత సమయం బాతిక్ వంటి పనులకూ, మిగిలిన సమయం తమ సృజనకూ కేటాయించుకున్నారు. ఆ రాబడితోనే 1966లో ఇంజంబాక్కం సముద్రతీరాన ఇసుక నేల కొని గ్రామం కట్టుకున్నారు. గుడ్డలకు రంగులద్దడం చిత్రకారుడికి తగిన పనేనా అని మీరు అడగవచ్చు. చిత్రానికి దక్కవలసిన గంటలు దానికి పోయిన మాట నిజమే. అయినా ఏం గీయాలో చెప్పే యజమాని వారికి లేడు.

దీనిని భోపాల్‌లోని భారత్ భవన్‌తో పోల్చి చూడండి. 1982లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దానిని నెలకొల్పింది. చార్లెస్ కొరియా రూపకల్పన చేసిన అంతటి భవనం ఏ కళాకారుల సంఘానికీ సాధ్యం కాదు. కాని 1990లో రాష్ట్ర ప్రభుత్వం మారాక దాని సారథ్యమూ మారింది.

పణిక్కర్ 1977లో మరణించారు. నిర్వహణ సంఘం చేతిలోనే ఉండటంతో చోళమండల్ కొనసాగింది. 2009లో అక్కడ సమకాలీన కళా కేంద్రం తెరిచారు. మద్రాసు కళోద్యమానికి చెందిన చిత్రాలు, శిల్పాలు అందులో ఉన్నాయి.