మోటారు కారులో చల్లని గాలి: ఒక రబ్బరు గొట్టము చరిత్ర

ఇంటిలోని రిఫ్రిజిరేటరులో నింపిన వాయువు సాధారణముగా పది పదునైదు సంవత్సరములైనను తరుగదు. మోటారు కారులో గాలిని చల్లబరచు యంత్రము సంగతి అట్లు కాదు. అందలి వాయువు ఎంత జాగ్రత్త పడినను కొద్దికొద్దిగా తరిగిపోవుచునే యుండును. ఈ రెండును ఒకే సూత్రముపై పనిచేయునవే. అయినను ఈ భేదమేల కలిగినది? కారులో తప్పనిసరిగా వాడవలసిన, వంగెడు స్వభావముగల గొట్టము దీనికొక ముఖ్యకారణము. ఆ గొట్టము నుండి జారిపోయిన వాయువు కొంతకాలమునకు ప్రపంచ శాస్త్రజ్ఞులనందరిని ఆందోళనపరచిన సమస్యలో ఒక భాగమైనది.

యంత్రము పనిచేయు విధము

ద్రవము ఆవిరిగా మారునపుడు పరిసరముల నుండి ఉష్ణమును గ్రహించును. ఆవిరి తిరిగి ద్రవమగునపుడు ఆ ఉష్ణమును విడిచిపెట్టును. చేతిపై స్పిరిటు రాచుకొన్నచో చల్లగా తోచుట మొదటి దానికి ఉదాహరణము. ఈథరును ఆవిరిగా మార్చి, ఆ ఆవిరిని పంపుతో పీల్చి, అదిమి, మరల ద్రవముగా మార్చి, పదే పదే ఉపయోగించుకొను యంత్రమునకు 1834లో జేకబ్ పెర్కిన్స్ ఇంగ్లండులో పేటెంటు పొందెను. నేటి శీతల యంత్రములలో చాలవరకు నడచునది ఆ వలయమే.

కారులో ఈ వలయమునకు నాలుగు ముఖ్యభాగములు కలవు. ఇంజనుకు బిగించిన బెల్టుతో తిరుగుచు ఆవిరిని అదుమునది కంప్రెసరు. కారు ముందు భాగమున, రేడియేటరు ఎదుట నిలిచి వేడిని బయటి గాలికి ఇచ్చివేయునది కండెన్సరు. అక్కడ ఏర్పడిన ద్రవమును సన్నని దారి గుండ పోనిచ్చి దాని పీడనమును తగ్గించునది ఒక కవాటము. పీడనము తగ్గిన ద్రవము ఆవిరియగుచు ప్రయాణికుల చుట్టునున్న గాలి నుండి వేడిని గ్రహించు చోటు ఎవాపొరేటరు.

ఇందు కండెన్సరు, ఎవాపొరేటరు కారు శరీరమునకు బిగింపబడి యుండును. కంప్రెసరు మాత్రము ఇంజనును అంటిపెట్టుకొని యుండును. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండి ఎల్లప్పుడును అదరుచుండును. వేగము హెచ్చించినపుడు ఒక ప్రక్కకు ఒరుగును కూడ. కదలెడు వస్తువును కదలని వస్తువుతో రాగి గొట్టముతో కలిపినచో అది కొలది దినములలో బీటలు వారును. అందుచేత కంప్రెసరు నుండి వచ్చు దారులలో వంగెడు గొట్టములు తప్పవు.

ఇంటి రిఫ్రిజిరేటరుకు ఈ ఇబ్బంది లేదు. 1927లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమ్మకమునకు తెచ్చిన రిఫ్రిజిరేటరులో విద్యుత్ మోటారును, కంప్రెసరును కలిపి ఒకే ఉక్కు గుల్లలో మూసివేసిరి. కారులో అట్లు చేయుటకు వీలులేదు. బెల్టుతో త్రిప్పుటకు కంప్రెసరు ఇరుసు బయటకు రావలెను. ఆ ఇరుసు చుట్టునున్న బిగింపు ఒకటి, రబ్బరు గొట్టము మరియొకటి. వాయువు తప్పించుకొనుటకు ఈ రెండు దారులు ఏర్పడినవి.

మొదటి ప్రయత్నములు

తొలి రోజులలో శీతల యంత్రములందు అమోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వాడెడివారు. ఇవి విషవాయువులు. మూసిన కారులో ఇట్టి వాయువు వెలువడినచో ప్రయాణికుల ప్రాణములకే ముప్పు. 1928లో థామస్ మిడ్గ్లీ, ఆల్బర్ట్ హెన్నీ, రాబర్ట్ మెక్నేరీ అనువారు దీనికొక పరిష్కారమును కనుగొనిరి. ఒక కార్బను పరమాణువుకు రెండు క్లోరీను, రెండు ఫ్లోరీను పరమాణువులు చేరిన డైక్లోరో డైఫ్లోరో మీథేను సుమారు -30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును, మండదు, విషము కాదు. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్గ్లీ దీనిని గుండెల నిండ పీల్చి, వెలుగుచున్న క్రొవ్వొత్తిపై ఊది, దానిని ఆర్పి చూపెను. ఇదే ఫ్రియాన్ అను పేర ప్రసిద్ధమైన ఆర్-12.

1939లో ప్యాకర్డ్ కంపెనీ చల్లని గాలి యంత్రమును అమర్చిన కారును చికాగో నగరమున ప్రదర్శించెను. అందు ఎవాపొరేటరు వెనుక సీటుకు ఆవల, సామానుల పెట్టెలో ఉండెను. ఇంజను ముందు, చల్లదనము వెనుక. కనుక గొట్టములు కారు పొడవునను సాగవలసి వచ్చెను. యంత్రమును ఆపుటకు మీట ఏదియు లేదు. చలికాలమున అక్కర లేనపుడు ఇంజను మూత తెరచి బెల్టును ఊడదీయవలసినదే. దీని ధర 274 డాలర్లు. 1941 తరువాత కంపెనీ దీనిని విరమించుకొన్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1953లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ కంపెనీలు తిరిగి ఈ ప్రయత్నము చేసినవి. అప్పటికిని ఎవాపొరేటరు వెనుకనే ఉండెను. 1954లో నాష్ కంపెనీ తన అంబాసిడర్ కారులో భాగములన్నింటిని ముందుకు చేర్చి, వేడి గాలిని, చల్లని గాలిని ఒకే ఏర్పాటుతో ఇచ్చెను. అయస్కాంతపు క్లచ్చి సహాయమున డ్రైవరు తన చోటి నుండియే యంత్రమును ఆపగలిగెను. గొట్టములు పొట్టివైనవి, ధర 345 డాలర్లకు దిగినది. 1969 నాటికి అమెరికాలో అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో సగము కంటె ఎక్కువ వాటిలో చల్లని గాలి యంత్రము ఉండెను.

తప్పించుకొన్న వాయువు

వాయువు తరిగిన కారులో మరల నింపించుకొనుట ఆ రోజులలో మామూలు సంగతి. మరమ్మతు చేయునపుడు మిగిలిన వాయువును గాలిలోనికి వదలివేసెడివారు. విషము కాదు, మండదు. కనుక హాని లేదని అందరి నమ్మకము.

1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలాండ్ ఈ నమ్మకమును ప్రశ్నించిరి. ఆర్-12 వంటి పదార్థములు క్రింది వాతావరణములో చెక్కుచెదరక పైకి చేరును. అచ్చట అతినీలలోహిత కిరణములు వాటిని విడగొట్టగా వెలువడిన క్లోరీను ఓజోనును నాశనము చేయునని వారు చెప్పిరి. ఏ నిలకడ గుణమును చూచి ఈ వాయువును మెచ్చుకొనిరో ఆ గుణమే కీడునకు మూలమైనది. 1985లో అంటార్కిటికాపై ఓజోను మిక్కిలి పలుచబడినట్లు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. 1995లో మొలీనా, రోలాండ్, పాల్ క్రుట్జెన్ రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిరి.

అప్పటికి క్రొత్త కార్లలో ఆర్-12 స్థానమును ఆర్-134ఎ ఆక్రమించినది. ఇందు క్లోరీను లేదు. కాని ఒక చిక్కు వచ్చినది. దీని అణువులు చిన్నవి. పాత రబ్బరు గొట్టముల గోడల గుండ ఇవి మరింత సులభముగా దూరిపోవును. గట్టిగా ముడివేసిన రబ్బరు బుడగ మరునాటికి కొంత ముడుచుకొనుట విద్యార్థులు చూచియే యుందురు. రంధ్రము లేకున్నను వాయువు రబ్బరు గుండ మెల్లమెల్లగా బయటపడును. లోహపు పూత గల బుడగ అంత త్వరగా ముడుచుకొనదు. ఇదే ఉపాయముతో క్రొత్త గొట్టముల గోడలో పలుచని నైలాను పొరను చేర్చిరి. ఆ పొరకు తోడు రబ్బరు, బలమునకు నూలు అల్లిక, పైన మరల రబ్బరు ఉండును. పాత ఖనిజనూనె క్రొత్త వాయువుతో కలియదు గనుక కంప్రెసరు నూనెను కూడ మార్చవలసి వచ్చినది.

పాత కారులో క్రొత్త ఇంజను

ఈ చరిత్ర అంతయు ఒకచోట కలిసి కనిపించునది పాత కారులో క్రొత్త ఇంజను అమర్చునపుడు. 1967 నాటి షెవ్రొలే కమారో కారులో 1997లో మొదలైన ఎల్.ఎస్. వర్గపు ఇంజనును పెట్టుట అమెరికాలో ఔత్సాహికులకు పరిపాటి. పాత ఇంజనుకు కంప్రెసరు పైభాగమున ఉండెడిది. క్రొత్త దానిలో సాధారణముగా అది క్రిందుగా, ప్రక్కన ఉండును. పాత గొట్టములు అందవు. అందినను వాటిలో నైలాను పొర లేదు. కనుక కొలత ప్రకారము క్రొత్తవి చేయించుకొనవలెను.

మూడు గొట్టములకు మూడు వెడల్పులు. ఎవాపొరేటరు నుండి కంప్రెసరుకు వచ్చు దారి సుమారు 16 మిల్లీమీటర్లు; కంప్రెసరు నుండి కండెన్సరుకు పోవునది 10 మిల్లీమీటర్లు; ద్రవము పోవునది 8 మిల్లీమీటర్లు. తక్కువ పీడనముగల ఆవిరి ఎక్కువ చోటు ఆక్రమించును గనుక దాని దారి వెడల్పుగా ఉండవలెను. ఇరుకైనచో కంప్రెసరుకు శ్రమ పెరిగి చల్లదనము తగ్గును.

పనివాడు మొదట కొసల బిగింపులను రెండు వైపుల అమర్చి, అవి ఏ కోణమున తిరిగి యుండవలెనో గీత గీసి గుర్తుంచుకొనును. ఇంజను ఒరిగినపుడు లాగుకొనకుండ కొంత వదులు ఉంచి, పొగగొట్టపు వేడికి దూరముగ నడపి, అటుపై గొట్టమును కోయును. లోహపు కొసను ప్రత్యేకమైన అచ్చుల మధ్య నలువైపుల నుండి అదిమి బిగించును. నీటి గొట్టమునకు వాడు మరచుట్టు ఇక్కడ పనికిరాదు. వేసవిలో కంప్రెసరు వెలుపలి పీడనము చదరపు అంగుళమునకు 200 పౌనులు దాటును.

బిగించిన పిదప పంపుతో గొట్టములలోని గాలిని లాగివేయుదురు. పీడనము బాగుగా తగ్గినపుడు నీరు గది ఉష్ణోగ్రతలోనే మరుగును గనుక లోపలి చెమ్మ ఆవిరియై బయటకు పోవును. చెమ్మ మిగిలినచో కవాటములో మంచుగట్టును, వాయువుతో కలిసి ఆమ్లములను పుట్టించును. తరువాత పంపును ఆపి ముల్లును గమనింతురు. ముల్లు కదిలినచో ఎక్కడనో లోపము ఉన్నదన్నమాట. పూర్వము ఆర్-12 కారుచోటును రాగి పలక గల దీపముతో వెదకెడివారు; క్లోరీను తగిలిన మంట ఆకుపచ్చనగును. ఆర్-134ఎలో క్లోరీను లేనందున ఆ దీపము దీనిని పసికట్టలేదు.

ఓజోనుకు హాని చేయకున్నను ఆర్-134ఎ భూమిని వేడెక్కించును. ఒక కిలోగ్రాము వెలువడినచో, నూరేండ్ల లెక్కలో, సుమారు 1,430 కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడు వెలువడినంత ప్రభావము కలుగును. 2017 నుండి యూరోపియన్ యూనియనులో క్రొత్త కార్లలో దీనిని నింపరాదు. 2016లో కిగాలీ నగరమున కుదిరిన సవరణ ఇట్టి వాయువుల వాడకమును క్రమక్రమముగా తగ్గించుటకు ఏర్పడినది. అయినను ఏ వాయువు నింపినను ఇంజను అదరక మానదు, గొట్టము వంగక మానదు. కొసను సరిగా బిగించి, గంటసేపు ముల్లును చూచు మెకానిక్కు శ్రద్ధ చల్లని గాలి కొరకు మాత్రమే కాదు.