పగ్గాలు తరవాత

గూడెంలో రైలెక్కి రాజమండ్రి వైపు వెళ్తుంటే కాసేపటికే నిడదవోలు వస్తుంది. రైలు మారాల్సినవాళ్ళు తప్ప ఆ స్టేషన్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కాని ఏడువందల ఏళ్ళ కిందట అది కాకతి రుద్రమదేవికి అత్తవారి ఊరు. ఆవిడ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుల వంశంవాడు. అత్తవారిల్లంటే మనకి వంటా, వడ్డనా గుర్తొస్తాయి. ఈ కోడలుగారు మాత్రం 1289 దాకా రాజ్యం ఏలారు. 2017లో వరంగల్లు దగ్గర బొల్లికుంటలో, ఆవిడవేనని పురావస్తుశాఖవారు గుర్తించిన శిల్పాల్లో ఒకదానిలో గుర్రం మీద ఉన్నారు. కుడిచేత కత్తి, ఎడమచేత పగ్గాలు.

ఒక్క ఎడమచేత్తో! స్వారీ నేర్పడంలో కిటుకంతా అక్కడే ఉంది.

కొత్తగా గుర్రమెక్కినవాళ్ళు భయంతో చేసే మొదటి పని పగ్గాలు పట్టుకు వేలాడడం. పగ్గాలు కట్టి ఉండేది కళ్ళేనికి, కళ్ళెం ఉండేది గుర్రం నోట్లో. మనం లాగినకొద్దీ దానికి నొప్పి. అది తల విదిలించినకొద్దీ మనకి భయం. ఇక ఇద్దరికీ చదువెక్కడ వస్తుంది?

వియన్నాలో 1565 నుంచీ తన చరిత్ర చెప్పుకునే స్పానిష్ స్వారీ బడి ఉంది. అక్కడ కొత్త శిష్యుడికి మొదట్లో పగ్గాలూ ఇవ్వరు, కాళ్ళు పెట్టుకునే రికాబులూ ఇవ్వరు. గురువు పొడుగాటి తాడు పట్టుకుని గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతుంటాడు. శిష్యుడి పనల్లా కుదురుగా కూర్చోవడమే. నెలల తరబడి అంతే! నడుము గుర్రం నడకతో కలిసిపోయాకనే పగ్గాలు చేతికొస్తాయి. అప్పుడా చెయ్యి ఊతం కోసం లాగదు, గుర్రానికి మాట చెప్పడానికి కదులుతుంది.

నేర్పేవాళ్ళకీ పాఠం ఉందండోయ్. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలోనే జెనొఫన్ అనే గ్రీకు సేనాని గుర్రపుస్వారీ మీద పుస్తకం రాశాడు. కోపంతో గుర్రం దగ్గరికి వెళ్ళొద్దంటాడు. బెదిరిన గుర్రాన్ని కొడితే, ఆ బెదిరించిన వస్తువే తనని కొట్టిందనుకుని ఇంకా బెదురుతుందట. పిల్లలకి లెక్కలు చెప్పే తల్లులకి ఈ సంగతి వేరే విడమరచక్కర్లేదు.

ఇంత తెలిసిన ఆ వియన్నా బడి ఆడపిల్లలని శిష్యులుగా చేర్చుకున్నది ఎప్పుడో తెలుసా? 2008లో! రుద్రమ కాలం చేసిన ఏడువందల ఏళ్ళకి పైన. లోపం ఆడవాళ్ళ నడుములో లేదు, తలుపు తియ్యనివాళ్ళ మనసులో ఉంది.

మనిళ్ళల్లో గుర్రాలు లేకపోతేనేం, స్కూటర్లున్నాయి. అమ్మాయి ఎక్కగానే "పడిపోతావ్, బ్రేకు! బ్రేకు!" అంటూ వెనకాల పరుగెత్తుతాం. ఆ అరుపులకి దాని చేతులు మరింత బిగుసుకుంటాయి. ముందు ఖాళీ మైదానంలో, ఇంజను ఆపి, కాళ్ళతో నేల నెట్టుకుంటూ తిరగనివ్వండి. బండి బరువు ఒంటికి తెలియనివ్వండి. కుదురు చిక్కితే ధైర్యం తనంతట అదే వస్తుంది. మన ఆడపిల్లలకి మొదటి పాఠంగా భయం నేర్పడం ఇకనైనా మానేద్దాం.