గుల్లలో దాగిన వేసవి లెక్క

మన రాయచూరు క్యాంపుల చుట్టూ ఉన్న గ్రానైటులో గుల్లల శిలాజాలు దొరకవు. మనలో చాలామంది పెద్దలు విడిచి వచ్చిన గోదావరి సీమలో మాత్రం ఉన్నాయి. దుద్దుకూరు, గౌరీపట్నం రాతి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది. అందులో సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి గుల్లలున్నాయి.

గుల్ల పొర మీద పొరగా పెరుగుతుంది. నీరు చల్లబడితే ఆ పొరలో బరువైన ఆక్సిజన్ కాస్త ఎక్కువ చేరుతుంది. దాన్ని కొలిచి సముద్రపు వేడిని లెక్కకట్టవచ్చని 1947లో హెరాల్డ్ యూరీ చెప్పారు. 1951లో ఆయన బృందం స్కాట్లాండ్‌లో దొరికిన బెలెమ్నైటు అనే సముద్రజీవి శిలాజంలో మూడు వేసవులు, నాలుగు చలికాలాలు లెక్కపెట్టింది.

మన గుల్లలు కంకరలో కలిసిపోతే ఆ లెక్క మళ్లీ దొరకదు. ఊరెళ్లినప్పుడు గుల్ల కనిపిస్తే, ఎక్కడ దొరికిందో రాసిపెట్టి, దగ్గరి కాలేజీలో జియాలజీ మాస్టార్లకు అందజేద్దాం.