కబురు లేని రాత్రి

1847లో కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టింప నారంభించెను. 1852లో నది ముగిసెను. కట్టుట యొక యెత్తు, కావలి కాచుట మరియొక యెత్తు. తరువాత వెలసిన బ్యారేజికడ నేటికిని నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి హెచ్చరిక, 13.75 అయిన రెండవది, 17.75 అయిన మూడవది.

1986 ఆగస్టు వరదలో మా లంకకు కబురు రాలేదు. రాకుండుటయే క్షేమమని నిద్రించితిమి. తెల్లవారుసరికి గొడ్లచావిడి మునిగి రెండు పాడిగేదెలు పోయినవి.

ఇప్పుడు బ్యాంకు లెక్కలను, రైలు టిక్కెట్లను మోయునవి గుంపుగా పనిచేయు కంప్యూటర్లు. వానిని మనుష్యుడు రాత్రింబవళ్లు కనిపెట్టి యుండజాలడు. 1999లో నెట్‌సెయింట్ పేర వెలువడి, పిదప నాగియోస్ అయిన కావలి సాధనము, ప్లగిన్‌లను చిన్న పరిచారకులచేత కొన్ని నిమిషముల కొకసారి వాని కుశల మడిగించును. అవి తెచ్చు జవాబులు నాలుగు: సున్న క్షేమము, ఒకటి హెచ్చరిక, రెండు అపాయము, మూడు ‘తెలియదు’.

ఆ నాలుగవ జవాబు విన్నప్పుడు నాకు మా గేదెలు జ్ఞప్తికి వచ్చినవి. ఆ సాధనము తెలియనిదానిని క్షేమములో కలుపదు. ఆ రాత్రి మేము కలిపితిమి. కావున కబురు రాకున్నచో మీరే లాంతరు పట్టి గట్టెక్కి చూడుడు.