షోలాపురపు పద్మశాలీలు: పనితనము, పని కట్టుబాట్లు

షోలాపురపు పద్మశాలీలను గూర్చి వ్రాసినవారు వారి చేనేర్పును కులవిద్యగా పొగడి అంతటితో నూరకుందురు. ఆ పొగడ్త అబద్ధము కాదు గాని సగము మాట మాత్రమే. ఒకే ఇంటివారు మిల్లులో నొకరీతిగను, చేమగ్గపు కార్ఖానాలో మరియొకరీతిగను, ఇంట బీడీలు చుట్టునపుడు వేరొకరీతిగను పనిచేసిరి. భేదము వ్రేళ్ళలో లేదు. పని చేయించుకొనువారి కట్టుబాట్లలో నున్నది.

మిల్లు సంగతి అందరెరిగినదే. 1877లో వెలసి, ప్రజల నోట జూనీ మిల్లుగా నిలిచిన దానిలో కూతతో లోనికి పోవలయును, కూతతో బయటికి రావలయును. జుర్మానాలకు 1936 నాటి వేతన చెల్లింపు చట్టము హద్దు నిర్ణయించువరకు మిల్లులలో యజమాని మాటయే మాట.

కార్ఖానాలో కూత లేదు. యజమానియు నేతగాడును తరచుగా నొకే కులమువారు, ఒకే భాషవారు. తెలంగాణము నుండి వలసవచ్చిన కుటుంబము మగ్గముల నడుమనే వండుకొని, అక్కడనే పరుండుచుండెను. మగవాడు చీర నేయగా ఆడువారు కండెలు చుట్టుచుండిరి. కూలి రోజునకు గాదు, నేసిన చీరకు. పెండ్లికో ప్రయాణమునకో యజమాని ముందుగా నప్పిచ్చును. అది తీరువరకు నేతగాడు వేరొక కార్ఖానాకు పోజాలడు. అతడు దీపము వెలిగించి నేసిన గజములనెల్ల నేర్పు ఖాతాలో వ్రాయుట సరికాదు. వానిలో అప్పు నేయించిన గజములును గలవు. మామా, బావా యని పిలుచుకొనువారి నడుమ కూలిబేరము మరింత కష్టము. మన సంఘ చరిత్రలలో ఈ సంగతి అరుదుగా కనబడును.

బీడీపని స్త్రీలది. కంపెనీ ఆకును, పొగాకును తూచి యిచ్చును. వేయి బీడీలకింత యని కూలి. ఆకు చిట్లినదైనను, పురుగు తిన్నదైనను అడుగు లెక్క మారదు. తక్కువపడిన ఆకును ఆమెయే కొనుక్కొనవలసి వచ్చును. తెచ్చిన కట్టలలో గుమాస్తా కొన్నింటిని ‘ఛాట్’ అని ఏరివేయును. నిదానించి చుట్టినచో లెక్క తగ్గును. త్వరపడినచో ఛాట్ పెరుగును. పైవిచారణ చేయువాడెవడును లేని యింట ఆమె చేయి అంత వేగముగా నాడుటకు కారణమిదియే.

1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఈ తగవులను విచారించుటకు దారి చూపెను. దాని క్రింద వెలువడిన రాష్ట్ర నియమములు మామూలుగా నూటికి 5కు మించి ఏరివేయరాదనెను. యజమానులు సుప్రీంకోర్టు కెక్కగా, 1974లో న్యాయస్థానము చట్టమును నిలిపెను. అయినను కట్టను చేతబట్టి చూచువాడు న్యాయమూర్తి కాదు, గుమాస్తా.

2006లో కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేర బీడీ కార్మికస్త్రీలకు 10,000 ఇండ్లు ఏర్పడెను. వీనిని వసతిగా మాత్రమే లెక్కింపరాదు. ఆకు నానబెట్టుట, కత్తిరించుట, చుట్టుట అన్నియు ఇంటిలోనే గదా! కారుచున్న అద్దెగదిలో రాత్రి పొగాకు తడిసినచో మరునాటి ఛాట్ ఎంతయో మా బడిపిల్లల తల్లులు చెప్పగలరు.