సరిహద్దు మారినను మారని సంగటి

1960 ఏప్రిల్ 1వ తేదీన, పటాస్కర్ సూత్రము ననుసరించి, తిరుత్తణి చిత్తూరు జిల్లాను వీడి మదరాసు రాష్ట్రమున చేరినది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడగా అందు భాగమైనది. ఏలుబడి మారెను గాని మన వంటయిండ్లలో సంగటికుండ మారలేదు.

మెట్టసేద్యమున పాటుపడిన మన పెద్దలకు ఉదయమున అంబలి, మధ్యాహ్నమున రాగిసంగటి, ఉలవచారు ఆహారము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదని నేటి శాస్త్రము చెప్పుచున్నది. తెల్లబియ్యమున అందు ఇరువదవ వంతైనను లేదు. నడకయు వారికి వేరుగా నేర్వవలసిన వ్యాయామము కాదు. ఆడికృత్తికకు కావడి నెత్తి తిరుత్తణి కొండ 365 మెట్లు ఎక్కుట మ్రొక్కు. పొలమునకు, సంతకు నడచుట బ్రతుకు.

నేడు కొండపైకి మోటారుబాట కలదు. పళ్లెరమున తెల్లన్నమే మిగిలినది. మన యిండ్లలో మధుమేహము మాట తరచు వినుచున్నాము.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా పాటించినది. మన అవ్వలకు ఏటేట అదియే. బడిలో తమిళము చదువు మన బిడ్డలకు సంగటి, అంబలి అను మాటలు వంటయింటనే దొరకవలెను. వారమునకు రెండు పూటలు సంగటి కెలుకుదము; పండుగనాడైనను మెట్లదారిన కొండ నెక్కుదము. ఒంటికి బలము, నోటికి తెలుగు, రెండును నిలుచును.