బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ లోపం

బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ లోపం వంశపారంపర్యంగా సంక్రమించే ఒక ఎంజైము లోపము. దీనికి సూడోకోలినెస్టరేజ్ లోపము అని మరొక పేరు కలదు. ప్రపంచంలో చాలా జాతులలో అరుదుగా ఉండే ఈ లోపం తెలుగువారిలోని ఆర్యవైశ్య సమాజంలో అధికంగా కనిపిస్తుంది. దైనందిన జీవితంలో దీనివలన ఏ బాధా ఉండదు. శస్త్రచికిత్సలో వాడే కొన్ని మందుల విషయంలోనే ప్రమాదం ఏర్పడుతుంది.

ఎంజైము పని

ఈ ఎంజైము కాలేయంలో తయారై రక్తంలో చేరుతుంది. శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళంలో గొట్టం అమర్చడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును ఇస్తారు. ఈ ఎంజైము ఆ మందును విచ్ఛిన్నం చేయడం వలన దాని ప్రభావం సాధారణంగా కొద్ది నిమిషాలలో తొలగిపోతుంది. లోపం తీవ్రంగా ఉన్నవారిలో అది కొన్ని గంటలు నిలుస్తుంది. రోగికి స్పృహ వచ్చినప్పటికీ కదలలేడు, స్వయంగా శ్వాస తీసుకోలేడు. మివాక్యూరియం అనే మందుతోనూ ఇదే ప్రమాదం కలదు.

జన్యు కారణం

ఈ ఎంజైముకు సంబంధించిన జన్యువు 3వ క్రోమోజోముపై ఉన్నది. తల్లిదండ్రులిద్దరి నుండి లోపభూయిష్టమైన ప్రతి సంక్రమించినవారిలోనే తీవ్రలోపం కలుగుతుంది. వైశ్యులలో ఈ ఎంజైములోని 307వ స్థానంలో లూసిన్‌కు బదులు ప్రోలీన్ ఉన్నట్లు 2006లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఐరోపా సంతతివారిలో ప్రధానంగా కనిపించే మార్పు వేరు; అది 70వ స్థానంలో ఉంటుంది. అలాస్కాలోని ఇన్యూట్ ప్రజలలో కూడా ఈ లోపం ఎక్కువే.

వ్యాప్తికి కారణం

పూర్వం కొద్దిమంది మూలపురుషుల నుండి విస్తరించిన సమాజం తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకొన్నచో, ఆ కొద్దిమందిలో ఒకరికున్న జన్యుమార్పు కూడా వ్యాపిస్తుంది. దీనిని స్థాపక ప్రభావము అంటారు. ఇది కేవలం మేనరికపు ఫలితం కాదు. దగ్గరి చుట్టరికం లేని దంపతులలో కూడా ఇద్దరికీ అదే మార్పు ఉండవచ్చును. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2017లో ప్రచురితమైనది. దాని ప్రకారం 30 లక్షలకు పైబడిన వైశ్య సమాజంలో ఈ లోపం ఇతరులలో కంటే సుమారు 100 రెట్లు అధికం.

జాగ్రత్తలు

సిద్దిపేట వంటి వర్తక పట్టణాలలోనూ ఆర్యవైశ్యులు నివసిస్తున్నందున, పెద్ద నగరాల వైద్యులకే కాక చిన్న ఆసుపత్రులవారికి కూడా ఈ విషయం తెలిసి ఉండవలెను. శస్త్రచికిత్సకు ముందు రక్తపరీక్షతో లోపాన్ని గుర్తించి, రోక్యురోనియం వంటి ఇతర మందులు వాడవచ్చును. ప్రమాదం ఏర్పడినప్పుడు మందు ప్రభావం తగ్గేవరకు మత్తు, కృత్రిమ శ్వాస కొనసాగించినచో రోగి కోలుకుంటాడు. కుటుంబంలో ఒకరికి లోపం బయటపడినచో తోబుట్టువులకూ పరీక్ష అవసరం. అయితే ఆర్యవైశ్యులలో అత్యధికులకు ఈ లోపం లేదు. ఇతర సమాజాలవారికి ఉండే అవకాశమూ లేకపోలేదు. కావున కులం ఒక సూచన మాత్రమే, నిర్ధారణ పరీక్షతోనే జరుగుతుంది.